అత్తయ్య చల్లిన గసగసాలు పూశాయి, ఇంట్లో మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది. భర్త, చదువుకుంటున్న కొడుకు, డెబ్బై దాటిన అత్తగారు, తాను. మూడు నెలల కిందట అత్తగారు వంటింటి డబ్బాలోంచి గుప్పెడు గసగసాలు తీసి పెరట్లో ఖాళీగా ఉన్న మడిలో చల్లారు. మొలుస్తాయని ఎవరూ అనుకోలేదు. మొలిచాయి. ఇప్పుడు నడుమెత్తు మొక్కలు పాతిక దాకా ఉన్నాయి. తెల్లవీ లేత ఊదావీ పూలు పూశాయి. ఆవిడ మురిసిపోయి మనవడిచేత ఫొటోలు తీయించి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టించారు. దాని కింద మరిది "వదినా, ఇవి నల్లమందు మొక్కలు, పోలీసులు వస్తారు" అని రాశాడు. ఆ రాత్రే పీకేస్తానని భర్త బయల్దేరారు. "కొట్లో అందరికీ అమ్మే గింజే కదరా, నేనేం దొంగతనం చేశానా" అని అత్తగారు ఆ పూట అన్నం మానేశారు. తల్లీకొడుకులకు వారం రోజులుగా మాటల్లేవు.

ఉత్తరం చివర్లో మరో రెండు సంగతులున్నాయి. పూరేకులు రాలి కాయలు నిలిచాయట. ఎండు కాయలు మరిగించి తాగితే మోకాళ్ల నొప్పి తగ్గి నిద్ర పడుతుందని ఎవరో చెప్పగా అత్తగారు రెండు కాయలు కోసి కిటికీలో ఆరబెట్టారు. ఇక ఈవిడకు కొత్త ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో మత్తుమందుల మూత్ర పరీక్ష ఉంది. ఇంట్లో గసగసాలు తరచూ వాడతారు. "మా మరిది అన్నది నిజమేనా? మొక్కలు పీకేయాలా, ఉంచుకోవచ్చా? అత్తయ్యతో ఎలా మాట్లాడాలి? నా ఉద్యోగం పోతుందా?"

సమాధానం: మీరు చివర్లో, మాట వరసకు రాసినట్టు రాసిన సంగతితోనే మొదలుపెడతాను. కిటికీలో ఆరుతున్న ఆ రెండు కాయలు. మీ ఉత్తరంలో ప్రాణం మీదికి తేగలిగినది అదొక్కటే. మిగతావన్నీ రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

గసగసాల మొక్కలో మత్తు ఉండేది గింజలో కాదు, కాయ గోడలో. ఆ గోడలో సన్నటి నాళాలుంటాయి. వాటిలో తెల్లటి పాలు ఉంటాయి. ఆ పాలు గాలికి ఆరి, గోధుమ రంగుకు తిరిగి, గట్టిపడితే అదే నల్లమందు. మార్ఫిన్, కోడీన్, థెబైన్ అనే రసాయనాలు అందులోవే. కాయ ఎండిపోతే పాలూ ఎండిపోతాయి గానీ మార్ఫిన్ ఎక్కడికీ పోదు, చిప్పలోనే ఉండిపోతుంది. చాలా దేశాల్లో మందుల కంపెనీలు మార్ఫిన్ తీసేది ఎండు కాయల నుంచే. కాబట్టి మీ అత్తగారు చేసుకోబోయేది మూలికల కషాయం కాదు, ఎంత బలమైనదో ఎవరూ చెప్పలేని మార్ఫిన్ నీళ్లు.

అసలు చిక్కు ఆ బలం దగ్గరే ఉంది. రకాన్ని బట్టి, నేలను బట్టి, ఎండావానలను బట్టి, కాయ ముదురును బట్టి మార్ఫిన్ పాళ్లు మారిపోతాయి. ఒకే మొక్క కాయల్లో కూడా తేడా ఉంటుంది. మొదటిసారి తాగినప్పుడు ఏమీ కాలేదంటే రెండోసారీ ఏమీ కాదని అర్థం కాదు. పైగా తాగిన వెంటనే పనిచేయదు. "ఏం తెలియడం లేదే" అని మరో గ్లాసు తాగాక రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. డెబ్బై దాటిన వయసులో మూత్రపిండాలు కాస్త నెమ్మదిస్తాయి. మార్ఫిన్ శరీరంలో మారి ఏర్పడే పదార్థాలు బయటికి పోక పేరుకుంటాయి. ఆవిడ నిద్రమాత్రలు గానీ, నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రెగాబలిన్ లాంటివి గానీ, కోడీన్ ఉన్న దగ్గు మందు గానీ వాడుతుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ ఊపిరిని మందగింపజేసేవే. ఇలాంటి కషాయాలతోనూ, కడగని గసగసాలను ఎక్కువ మొత్తంలో నానబెట్టి తీసిన నీళ్లతోనూ మనుషులు చనిపోయిన సంఘటనలు నమోదై ఉన్నాయి.

అందుకని ఇవాళే ఆవిడను ఒక ప్రశ్న అడగండి. నిలదీసినట్టు కాకుండా, ఆరోగ్యం కనుక్కుంటున్నట్టు అడగండి: ఇప్పటికే ఏమైనా తాగారా? తాగలేదని చెబితే ఆ రెండు కాయలూ అక్కడి నుంచి తీసేయడంతో పని అయిపోతుంది. ఒకటి రెండుసార్లు తాగి ఇప్పుడు మామూలుగా ఉంటే ఇక ఆపేస్తే చాలు. మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, లేచి నిలబడగానే తూలడం ఉన్నాయేమో చూడండి. రాత్రిపూట తూలి పడితే ఆ వయసులో తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఒకవేళ వారాల తరబడి రోజూ తాగుతున్నారని తేలితే చటుక్కున మాన్పించకండి. ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర లేకపోవడం, ఆందోళన మొదలవుతాయి. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి మెల్లగా తగ్గించాలి. ఇక ఎప్పుడైనా ఆవిడ పిలిచినా లేవకుండా, గురకలాంటి శబ్దంతో చాలా నెమ్మదిగా ఊపిరి తీస్తూ, కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవై కనిపిస్తే అంబులెన్సుకు ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఏం తాగారో దాచకుండా చెప్పండి. దీనికి విరుగుడు నలోక్సోన్ అనే మందు. అంబులెన్సు సిబ్బంది దగ్గరో ఆసుపత్రిలోనో ఉంటుంది గానీ, సంగతి తెలిస్తేనే వెంటనే ఇస్తారు.

మోకాళ్ల నొప్పి మాత్రం నిజం. ఆవిడ ఆ కాయల దాకా వెళ్లారంటే ఆ నొప్పిని ఇంట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదన్నమాట. కాయలు తీసేసిన రోజే ఎముకల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఉత్త చేతులతో "అది తాగొద్దు" అంటే ఆవిడ ఎందుకు వింటారు?

ఇక మీ మరిది మాట. నిజమే. వంటకు వాడే గసగసాలు, నల్లమందు రెండూ ఒకే మొక్కవి: పపావర్ సోమ్నిఫెరమ్. గింజల కోసం ఒక జాతి, మత్తు కోసం ఇంకో జాతి అని లేవు. మార్ఫిన్ తక్కువగా ఉండే రకాలను శాస్త్రవేత్తలు తయారుచేశారు. మన దేశంలో లక్నోలోని ఔషధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ పాలే రాని 'సుజాత' రకాన్ని రూపొందించింది. అయితే చట్టం జాతినే చూస్తుంది, రకాన్ని చూడదు. అనుమానం ఉంటే మొక్కను దగ్గరగా చూడండి. ఆకు బూడిద పూసినట్టు నీలిపచ్చగా, నున్నగా, క్యాబేజీ ఆకును తలపిస్తూ ఉంటుంది. పై ఆకులకు తొడిమ ఉండదు, ఆకు మొదలే కాండాన్ని కౌగిలించుకున్నట్టు ఉంటుంది. పూరేకుల అడుగున తరచూ ముదురు మచ్చ ఉంటుంది. కాయ గుండ్రంగా, నెత్తిన గీతలున్న చిన్న కిరీటంతో ఉంటుంది. కాయ పండాక ఆ కిరీటం కిందే వరసగా రంధ్రాలు తెరుచుకుని గింజలు రాలతాయి. తోటల్లో పెంచే ఎర్ర గసగస పువ్వు, అంటే పపావర్ రోయాస్, ఇలా ఉండదు. దాని ఆకు సన్నగా చీలి ఉంటుంది, కాండం నిండా నూగు, కాయ చిన్నది. మీ మొక్కలు వంటింటి గింజల నుంచి వచ్చినవి కాబట్టి ఈ పోలికలు చూడకుండానే చెప్పొచ్చు గానీ, మీవారికి స్వయంగా చూస్తే నమ్మకం కుదురుతుంది.

మరి కొట్లో అమ్మే గింజే కదా అన్న మీ అత్తగారి ప్రశ్న? అది మొండి వాదన కాదు, న్యాయమైన ప్రశ్న. అంతర్జాతీయ ఒప్పందాలు గానీ, చాలా దేశాల చట్టాలు గానీ గింజను విడిచిపెట్టి మొక్కనూ కాయనూ పట్టుకున్నాయి. గింజలో సహజంగా ఉండే మార్ఫిన్ లేనట్టే లెక్క. ఉన్నదంతా కోత సమయంలో కాయ తుక్కు, పాల మరకలు పైన అంటుకోవడం వల్ల వచ్చేదే. భారతదేశంలో 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కోత తర్వాత గసగసాల మొక్కలోని అన్ని భాగాలనూ నిషేధిత జాబితాలో చేర్చి, బ్రాకెట్లో "గింజలు తప్ప" అని రాసింది. గింజ కొనడం, వండుకోవడం అందుకే తప్పు కాదు. అదే గింజను మట్టిలో వేస్తే మాత్రం సాగు అవుతుంది.

మీరు ఏ దేశం నుంచి రాశారో ఉత్తరంలో లేదు. ఇక్కడి నుంచి జవాబు దాన్ని బట్టే మారుతుంది.

భారతదేశంలో అయితే లైసెన్సు లేకుండా ఒక్క మొక్క కూడా పెంచకూడదు. లైసెన్సులు ఇచ్చేది కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో, అదీ మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో నిర్ణయించిన ప్రాంతాల రైతులకే. సాగుకు 18వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. "తెలియక వేశాం" అన్నది చెల్లే వాదనే గానీ 35వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందుగా మీకు తెలిసే చేశారని అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. 46వ సెక్షన్ కూడా ఒకటుంది: తన నేలలో ఇలాంటి సాగు ఉన్నట్టు తెలిసిన భూమి హక్కుదారు వెంటనే పోలీసులకు గానీ సంబంధిత శాఖలకు గానీ చెప్పాలి, తెలిసీ చెప్పకపోవడం నేరం. అందరూ "రాత్రికి రాత్రే పీకేయ్" అంటారు గానీ ఇక్కడ అది అంత సులువైన దారి కాకపోవడానికి కారణం ఇదే.

బ్రిటన్‌లో అయితే ఈ మొక్కను పూల కోసం పెంచడం నేరం కాదు, కాయల నుంచి మత్తు తీయడం నేరం. అమెరికాలో గింజకు మినహాయింపు ఉంది, మొక్కకు లేదు. విత్తనాల పొట్లాలు బహిరంగంగా అమ్ముడుపోతున్నా చట్టం మాత్రం అలాగే ఉంది. ఎండు కాయలు, మరిగించిన నీళ్లు దొరికితే "పూల కోసం పెంచాం" అన్న మాట అక్కడ నిలబడదు. సింగపూర్, యూఏఈలలో అయితే గింజలకే చిక్కు. బంధువులకని ఓ పొట్లం సూట్‌కేసులో పెట్టుకెళ్లడం కూడా ప్రమాదమే.

మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఏం చేయాలన్నా ముందు ఒక క్రిమినల్ లాయరును కలవడం. మీరుండేది భారతదేశంలోగానీ, అంత కఠినమైన చట్టమున్న మరో దేశంలోగానీ అయితే నేను దీన్నే ముందుంచుతాను. కొంత ఖర్చవుతుంది. "అనవసరంగా రచ్చ" అని ఇంట్లో అనొచ్చు కూడా. కానీ సమాచారం ఇచ్చి తీసేయాలా, ఎవరికి ఎలా రాసివ్వాలి అన్నది ఆయన మీ పరిస్థితి చూసి చెబుతారు. ముందుగా మీరే చెప్పారన్నది తర్వాత మీ నిజాయితీకి ఆధారమవుతుంది. వాట్సాప్ ఫొటోల సంగతి కూడా ఆయన్నే అడగండి. ఇకపై ఎవరికీ పంపకండి. కానీ విచారణ మొదలయ్యాక చెరిపేస్తే సాక్ష్యం మాయం చేశారన్న కొత్త తలనొప్పి మొదలవుతుంది.

రెండోది, తీసేయడం. లాయరు సరేనన్నాకైనా, అడగాల్సిన అవసరం లేని దేశంలోనైనా పద్ధతి ఒకటే. కాయలు పచ్చిగా ఉండగానే మొక్కలను తీయాలి. ఊపితే లోపల గలగలమంటే గింజ ముదిరినట్టే. అలాంటి కాయకు ముందు కాగితం సంచి తొడిగి, మెడ దగ్గర కట్టి, ఆ తర్వాతే మొక్కను కదపండి. లేకపోతే కిరీటం కింది రంధ్రాల్లోంచి వేల గింజలు మడిలో చల్లుకుంటాయి. గ్రాము గసగసాల్లో రెండు మూడు వేల గింజలుంటాయి. మడిని ముందురోజు బాగా తడపండి, తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి పొడినేలలో కాండం పుటుక్కున విరిగి మొదలు మిగిలిపోతుంది. విరిగిన చోట పాలు కారతాయి, చేతులకు తొడుగులు వేసుకోండి. కాయలను కోయడం, గాట్లు పెట్టడం, దాచడం, ఎవరికైనా ఇవ్వడం వద్దు. గాటు పడిన కాయ, పాలు తీశారేమోనని, మీ ఉద్దేశం మీద అనుమానం తెస్తుంది. కాల్చొద్దు. మొక్కలన్నీ మూటకట్టి చెత్తలోకి పంపేయండి. ఆ తర్వాత చాలామంది చేసే పొరపాటు మడిని లోతుగా తవ్వడం. లోపలికి పోయిన గింజ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది, ఎప్పుడో మళ్లీ తవ్వినప్పుడు వెలుతురు తగిలి మొలుస్తుంది. దానికి బదులు పైమట్టిని అంగుళం మేర గీరి, నీళ్లు చల్లి, వచ్చిన మొలకలను నాలుగాకుల దశలో పీకేయండి. రెండు మూడు విడతలు అలా చేశాక మందంగా ఆకు చెత్త కప్పండి. వచ్చే చల్లని కాలంలో ఒకసారి చూసుకోండి, మళ్లీ మొలిచేది అప్పుడే.

మూడోది, ఉంచేసుకోవడం. బ్రిటన్ లాంటి చోట పూలు అయ్యేదాకా ఉంచి, కాయలు కట్టగానే తీసేస్తే చట్టపరంగా ఇబ్బంది లేదు. అయినా మీ ఇంట్లో నొప్పితో నిద్ర పట్టని పెద్దావిడ ఉన్నారు, కాలేజీ వయసు కుర్రాడు ఉన్నాడు, ఫొటో ఇప్పటికే ఎంతమంది చేతుల్లోకి వెళ్లిందో తెలియదు. ఈ పరిస్థితిలో పెరట్లో పండిన కాయలు ఉండటం చట్టం ఒప్పుకున్నా నాకు నచ్చదు. చట్టం ఒప్పుకోని చోట అయితే ఇది దారే కాదు.

మీ అత్తగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. గొడవ మొక్కల గురించి కాదు, "నా కొడుకు నన్ను నేరస్తురాలిని చేశాడు" అన్నది ఆవిడ బాధ. "అమ్మా, నువ్వు తప్పు చేయలేదు. గింజ వేరు, మొక్క వేరు అని నాకూ తెలియదు. ఇల్లు నా పేరున ఉంది, అడిగితే నన్నే అడుగుతారు" అని మొదలుపెడితే ఆవిడకు కోపానికి చోటుండదు. ఇల్లు నిజంగా ఎవరి పేరున ఉందో ముందు చూసుకోండి, ఆవిడ పేరునే ఉంటే మాట ఆ ప్రకారం మార్చాలి. ఆవిడకు చెప్పకుండా రాత్రిపూట పీకేయడం మాత్రం వద్దు. పొద్దున్నే లేచి ఖాళీ మడి చూసిన మనిషి ఆ తర్వాత మీరు డాక్టరు దగ్గరికి రమ్మంటే వస్తారా? పీకే పని దగ్గర ఆవిడను నిలబెట్టండి. ఆవిడ చేత్తో వేసిన మడిని ఆవిడ సమక్షంలో తీస్తే అవమానం తగ్గుతుంది.

ఆ మడిలోకి కొత్త పూల పొట్లం ముందే తెచ్చి పెట్టండి. ఎర్ర గసగస పువ్వులోగానీ, ఐస్‌లాండ్ పాపీలోగానీ, కాలిఫోర్నియా పాపీలోగానీ మార్ఫిన్ ఉండదు. పూలు కూడా అంతే పలచటి పట్టులా ఉంటాయి. కొనేటప్పుడు బొమ్మను కాదు, శాస్త్రీయ నామాన్ని చదవండి. పియోనీ పాపీ, బ్రెడ్‌సీడ్ పాపీ, లెట్యూస్ పాపీ, హెన్ అండ్ చికెన్స్ పేర్లతో వచ్చేవన్నీ మళ్లీ సోమ్నిఫెరమే. 'పపావర్ పియోనిఫ్లోరమ్' అని రాసి ఉన్నా అదే.

చివరగా మీ ఉద్యోగ పరీక్ష. గసగసాలు తిన్నవారి మూత్రంలో మార్ఫిన్ కనిపించడం కట్టుకథ కాదు. అమెరికాలో ఉద్యోగ పరీక్షలకు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములుగా ఉన్న హద్దును 1998లో 2000కు పెంచడానికి ముఖ్య కారణం ఇదే. 2023లో ఆ దేశ రక్షణ శాఖ సైనికులను గసగసాలు తినొద్దని హెచ్చరించింది. పాత 300 హద్దునే పాటించే ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. గింజల్లోని మార్ఫిన్ మామూలుగా రెండు రోజుల్లో బయటికి పోతుంది. మీకు పది రోజుల గడువుంది కాబట్టి ఇవాళ్టి నుంచే గసగసాలు మానేయండి, చీకాకు తీరిపోతుంది. బయట కొన్న రొట్టెలు, మసాలా పొడుల్లో కూడా ఉండొచ్చు. నమూనా ఇచ్చే ముందు ఫారంలో ఆహారం, వాడే మందులు రాసే చోటుంటే నిజం రాయండి, ముఖ్యంగా కోడీన్ ఉన్న దగ్గు మందు. కంగారులో లీటర్ల కొద్దీ నీళ్లు తాగకండి, పలచబడిన నమూనాను తిరస్కరిస్తారు, అనుమానం కూడా వస్తుంది. తొడుగులు వేసుకుని మొక్కలు పీకితే పరీక్షలో ఏమీ తేలదు.

ఒకవేళ పాజిటివ్ వస్తే అక్కడితో ఒప్పుకోకండి. మొదటిది స్థూలమైన పరీక్ష మాత్రమే. ఏ పదార్థం ఉందో విడిగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షతో నిర్ధారణ చేయమని రాతపూర్వకంగా అడగండి. హెరాయిన్ తీసుకున్నవారిలో 6-మోనోఎసిటైల్‌మార్ఫిన్ అనే పదార్థం కనిపించవచ్చు, గసగసాల వల్ల అది ఎన్నటికీ రాదు. థెబైన్ కనిపిస్తే గసగసాలు తిన్నారన్న మాటకు బలం వస్తుంది. మీరు కొన్న పొట్లాన్ని, బిల్లును దాచి ఉంచండి.

డబ్బాలో మిగిలిన గసగసాలను పారేయనక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ 2022 జూలై నుంచి కిలో గింజల్లో మార్ఫిన్, కోడీన్ కలిపి లెక్కగట్టిన మోతాదు 20 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. ఒక్కరోజులో శరీర బరువు కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకుండా చూసుకోవాలని అక్కడి ఆహార భద్రతా సంస్థ సూచన. ఆ హద్దు అంచున ఉన్న గింజలే అనుకున్నా అరవై కిలోల మనిషికి రోజుకు 30 గ్రాములు అవుతాయి, వంటలో ఒకరి వంతుకు సాధారణంగా అంత పడదు. కడిగి, నానబెట్టిన నీళ్లు పారబోసి, నూరి, ఉడికిస్తే మార్ఫిన్ ఇంకా తగ్గుతుంది. 2022 నవంబరులో ఆస్ట్రేలియాలో ఆహారానికి పనికిరాని గింజలు పొరపాటున మార్కెట్లోకి వచ్చి, వాటిలోని థెబైన్ వల్ల కొందరు మూర్ఛలు, కండరాల బిగింపులతో ఆసుపత్రి పాలయ్యారు. అందుకే తుక్కు, మట్టి కనిపించే, విపరీతంగా చేదుగా ఉండే గింజలు మాత్రం వద్దు. పసిపిల్లలను నిద్రపుచ్చడానికి గసగసాల పాలు ఇమ్మని ఎవరైనా సలహా ఇస్తే, మీ అత్తగారికి కషాయం గురించి చెప్పినవారికి ఇచ్చే జవాబే ఇవ్వండి.